పద్దెనిమిది నోళ్లు

"పన్నెండుండాలత్తా. పదే ఉండాయి."

పవిత్ర బిస్కెట్ల పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి మొహం ముందు ఆడించింది. గంగాదేవి తలెత్తలేదు. పెరట్లో బండ మీద గొంతుక్కూర్చుని పాత పంచె ముక్కలోంచి గంజి వడగడుతోంది. గుడ్డను మెలిపెట్టి పిండితే తెల్లటి జిగురు వేళ్ల సందుల్లోంచి చీమిడిలా సాగి, తెగకుండా గిన్నెలోకి దిగుతోంది.

"నన్నెందుకడుగుతాండావు? నేను తిన్యానా?"

"తిన్యావని నేనన్యానా? పదే ఉండాయంటాండా. నిన్న లెక్కబెట్టి డబ్బాలో పెట్టినా."

"బిస్కెట్లు లెక్కబెట్టే కాడికొచ్చినామా! మీ అమ్మగారింట్లో ఇట్లనే లెక్కబెడతారేమో."

"మా అమ్మ జోలికి రావద్దు. లెక్క బెట్టమన్యాది కర్నూలు డాక్టరమ్మ. 'మీ అత్త యాడో దొంగగా తింటాది, మీరు సూసుకోరా' అని అందర్లో నన్ను తిట్నాది. నిన్ను గాదు."

"రెండు బిస్కెట్లకు దొంగనైతి. పో, ఊరంతా దండోరా వేయిపో."

లోపల గుంట మగ్గం మీద తిమ్మన్న నేస్తూనే ఉన్నాడు. నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు. రెండో మగ్గం మీద కొడుకు ఓబులేష్ సెల్‌ఫోనులో పాట పెట్టుకున్నాడు. ఆడవాళ్లు అరుచుకుంటే వానొచ్చినప్పుడు తలుపు వేసుకున్నట్టు చెవులు మూసుకోవడం ఆ ఇంటి మగవాళ్లకు అలవాటే.

పవిత్ర పొట్లాన్ని విసురుగా మడిచి లోపలికి పోయింది. గంగాదేవి గుడ్డను మరోసారి పిండింది. అసలు ఆ బిస్కెట్ల వాసనంటేనే ఆమెకు డోకు. డోకు వచ్చే వస్తువును దొంగతనం చేసి తింటారా ఎవరైనా? ఆ మాట చెబితే నమ్మేవాళ్లు కూడా లేరిప్పుడు.

కడుపులో గుడగుడమంది. గిన్నె మీద చేట మూసి, బకెట్టు తీసుకుని దొడ్డివైపు నడిచింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. ఈ ఆరేళ్లలో ఆమె తన శరీరం గురించి తెలుసుకున్నవన్నీ అసహ్యమైనవే. లేత పసుపు రంగులో, నూనె తేలుతూ, మురిగిన గుడ్ల కంపుతో పోయేది ఎన్ని నీళ్లు పోసినా మరుగుదొడ్డి గిన్నెకు అంటుకుని వదలదు. మూడు బకెట్లు గుమ్మరించి, చీపురు పెట్టి తోమి, బయటికొచ్చేసరికి పక్కింటి నాగక్క కిటికీ రెక్క టప్పున మూసుకుంటుంది. నోట్లో పుళ్లు. దువ్వెన పెడితే ఊడొచ్చే జుట్టు. యాభై ఎనిమిది కిలోల మనిషి నలభై దగ్గరికి వచ్చింది. రవికె చేతులు వదులై గాలికి ఊగుతాయి. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. నాలుగు మైళ్ల అవతలి ఒంటిమిట్ట గుడికి కూడా రెండేళ్లుగా పోలేదు. బస్సులో మధ్యలో ఆపమంటే ఆపుతారా?

మొదట వచ్చింది షుగరు. అన్నం తగ్గించి రాత్రిళ్లు చపాతీ తినమన్నారు. ఎవరికైనా చెప్పే మాటే అది. పుట్టినప్పటి నుంచి సంగటి, జొన్నరొట్టె, వరన్నం తప్ప ఎరగని కడుపు. ఆ ఏడే విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివర సూదులు వేసే దాసన్న నులిపురుగులన్నాడు. నీరసానికి బ్రెడ్డు పాలలో ముంచుకుని తినమన్నాడు. కడపలో ఒకాయన గ్యాసు అన్నాడు, ఇంకొకాయన పేగుల్లో చీము అన్నాడు. మరొకచోట రక్తం లేదని రెండు సీసాలు ఎక్కించి, పొద్దునా సాయంత్రం గోధుమరవ్వ జావ తాగమని చీటీ మీద రాసి మరీ ఇచ్చారు. జబ్బు ముదిరేకొద్దీ గోధుమ పెరిగింది. గోధుమ పెరిగేకొద్దీ జబ్బు ముదిరింది.

చివరికి ఎవరో చెబితే కర్నూలు పోయారు. అక్కడ పేగుల డాక్టరమ్మ ఆమె గోళ్లు చూసి, నాలుక చూసి, "చిన్నప్పుడేం తినేదానివి? ఇప్పుడేం తింటున్నావు?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. రక్తం తీశారు. మరోరోజు నోట్లోంచి గొట్టం దింపి పేగు ముక్క గిల్లి పరీక్షకు పంపారు. గోధుమలో సాగే జిగురు ఉంటుందట. అది ఈమె పేగుకు పడదట. "పేగు లోపల తువ్వాలు మీద నూగులా ఉంటుందమ్మా. నీకు ఆ నూగంతా అరిగిపోయింది. తిన్నది ఒంటికెట్లా పడుతుంది?" అంది డాక్టరమ్మ. నేతగత్తెకు అంతకంటే విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. మందులేం లేవు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ఒక్క రవ్వంత కూడా తినకూడదు, చచ్చేదాకా. మళ్లీ సంగటీ రొట్టే తినమంది. ఆరేళ్లు తిరిగి తిరిగి, గొట్టాలు మింగి, చివరికి అమ్మ పెట్టిన తిండికే వచ్చిపడినందుకు ఆ రోజు గంగాదేవికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది జరిగి ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఒక్క చపాతీ ముక్క ముట్టలేదు. పెళ్లివారు పంపిన లడ్డూ కూడా దేంతో చేశారోనని పక్కన పెట్టింది. అయినా పోయిన వారం రక్తం చూస్తే జబ్బు చూపే అంకె దిగకుండా అక్కడే ఉంది. డాక్టరమ్మ కలం కింద పెట్టి, ఇరవైమంది వింటుండగా, "దొంగతనంగా తింటే నేనేం చేసేది?" అంది. ఒక్క రవ్వ తినకుండా దొంగ అనిపించుకోవడం ఎంత నీచంగా ఉంటుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

దొడ్డి నుంచి వచ్చి, కాళ్లూ చేతులూ సబ్బు పెట్టి కడుక్కుంది. ఎండ బాగా ముదిరింది. గంజి పనికి ఇదే అదను.

పెరట్లో రెండు కట్టెల మధ్య చీర బిగించి కట్టి ఉంది. మావిడాకు పచ్చ, ఎర్రంచు. ఒంటిమిట్ట కల్యాణానికి అమ్ముడయ్యే సరుకు. సాయంత్రానికి మూడు చీరలు మడతలు పడాలి. నూలిచ్చి నేయించుకునే సావుకారు మనిషి హనుమేష్ అయిదింటికి వస్తాడు. గంగాదేవి గిన్నె చంకనెత్తుకుని చీర ఎదుట నిలబడి, గంజి నోటినిండా పుక్కిట పట్టింది. బుగ్గలు ఉబ్బాయి. పెదాలు బిగించి, నాలుక కొన పళ్లకు ఆనించి, ఊదింది.

మంచులా పడింది చీర మీద. చుక్క లేదు, మరక లేదు. వెంటనే అరచేత్తో ఒక్క దువ్వు.

ఆ ఊళ్లో ఇప్పుడిది చేతనైన మనిషి ఆమె ఒక్కతే. తక్కినవాళ్లు కుంచెతో పూస్తారు, మంగలి సీసాతో చిమ్ముతారు. చుక్కలు పడతాయి, ఆరాక మచ్చలు తేలతాయి. ఈ పనిని ఆమె అత్త చౌడమ్మ నేర్పింది. పదిహేడేళ్ల కొత్తకోడలి బుగ్గలు రెండు చేతులతో నొక్కిపట్టి, "బిగబట్టు! బిగబట్టు! మింగితివంటే సూడు!" అని గద్దించేది. మొదటి రోజు ఆ పిల్ల గోడవారకు పోయి పేగులు బయటికొచ్చేట్టు కక్కుకుంది. ఎదుటి మనిషి వేళ్లు నోటిలోకి వచ్చినట్టుండే ఆ అసహ్యం కొన్నాళ్లకు పోయింది. పోలేదు, మొద్దుబారింది. గంజిని వాళ్లు నోళ్లతోనే కొలుస్తారు. సన్నచీరకు పద్దెనిమిది నోళ్లు. ముతకదానికి ఇరవై రెండు.

చౌడమ్మ కాలంలో అది నూకల గంజి. ఆరేడేళ్ల కింద సావుకారే మైదా సంచులు పంపడం మొదలుపెట్టాడు. మైదా అయితే చీర ఎండలో మెరుస్తుందట, పురుగు పట్టదట. పొద్దున వండింది మధ్యాహ్నానికి పులిసి, పాత గోడ మీది పోస్టరు కంపు కొడుతుంది. ఆ కంపును నోట్లో పెట్టుకుని ముక్కు బిగబట్టడం కూడా అలవాటైంది.

రెండు చీరలు అయ్యాయి. ఆరేలోపు వేపచెట్టు కింద కూలబడింది. పవిత్ర గ్లాసుతో మజ్జిగ తెచ్చి కింద పెట్టి, చేతిలో నోటుపుస్తకం తెరిచింది. పొద్దుటి కోపం ఇంకా మూతి మీదే ఉంది.

"జెస్సీ అక్క ఫోన్ చేసినాది. పుస్తకం నింపినారా అని."

జెస్సీ డాక్టరమ్మ దగ్గర తిండి సంగతులు చూసే అమ్మాయి. ఆ రోజు అందరూ దొంగ అన్నప్పుడు నోరు మెదపకుండా వింది. తర్వాత వెంటబడి వచ్చి, మెట్ల దగ్గర ఈ పుస్తకం ఇచ్చింది. "తిన్నవి రాయొద్దమ్మా. పెదాలు దాటి లోపలికి పోయినవి రాయండి. పళ్లపొడి అయినా, మాత్ర అయినా, దారం తడిపినా సరే. ఒక్కరోజువి చాలు," అంది.

"సెప్పు," అంది పవిత్ర.

"లేచినాంక పళ్లపొడి. వేన్నీళ్లు. షుగరు మాత్ర. జొన్నరొట్టె ఒగటి, వంకాయ కూర. నువ్వే గదా పెట్నావు."

"రొట్టె కాల్చింది వేరే పెనం మీదే. రాసినా. ఇంగ?"

"ఆకూ వక్కా. సున్నం."

"ఇంగ?"

"ఇంగేముండాది? ఈ మజ్జిగ."

పవిత్ర కలం ఆపి ఆమె వైపు చూసింది. "ఆ రెండు బిస్కెట్లు రాయల్లా, వద్దా? నిజం చెప్పు. నేనెవరికీ చెప్పను."

లోపలి నుంచి నాడె చప్పుడు ఆగింది. "ఆ రెండూ నేను తిన్యాలేమ్మే," అన్నాడు తిమ్మన్న. "తెల్లారుజామున టీలోకి. దానికింత రాద్ధాంతమా?" నాడె మళ్లీ కొట్టుకుంది.

పొద్దుటి నుంచీ ఆయన విన్నాడు. పెళ్లాన్ని దొంగ అంటుంటే గుంటలో కాళ్లాడిస్తూ విన్నాడు. గంగాదేవికి మొగుడి మీద కోపం కూడా రాలేదు. అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు కలిగేదే కలిగింది. పవిత్ర కళ్లు దించుకుని, "నాది తప్పు అత్తా," అంది మెల్లగా.

"ఈ మూడోది కానీ. హనుమేష్ వచ్చేస్తాడు," అంటూ గంగాదేవి లేచింది.

మూడోది కనకాంబరం రంగు. ఒక కొస నుంచి మొదలుపెట్టింది. నోరు నింపడం, ఊదడం, దువ్వడం. గంజి అప్పటికే పులిసింది. ఊదాక నాలుక మీద, పళ్ల చిగుళ్ల వెంట, పుళ్ల మీద జిగురు పొరలా మిగిలింది. ఎప్పటిలాగే నాలుకతో చుట్టి తుడిచి, గుటక వేసింది.

తొమ్మిదో నోరు పట్టింది. బుగ్గలు ఉబ్బాయి.

ఊదలేదు. ఇందాక ఊదినాక ఏం చేసింది?

గుటక వేసింది. ప్రతిసారీ వేసింది. ఊదాక పళ్లు తుడుచుకుని గుటక వేయడం ఆమెకు ఊపిరి పీల్చడమంత పాత అలవాటు. పెదాలు దాటి లోపలికి పోయినవి రాయమంది ఆ అమ్మాయి. తిన్నవి కాదు. ఇది తిండా? ఎవరైనా గంజిని తిండి అంటారా? బట్టకు పెట్టేది. డాక్టరమ్మ మైదా వద్దంది, ఆమె పరోటా మానింది, సేమ్యా మానింది. రోజూ పొద్దున లేచి అదే మైదాను తన చేత్తో ఉడికించి, వడగట్టి, నోటినిండా పట్టింది. ఎనిమిది నెలలూ అంతే. ఆరేళ్లూ అంతే. అత్త కాలపు నూకల గంజి పట్టినన్నాళ్లూ కడుపు కడుపులాగే ఉండేది.

పుక్కిట్లో ఉన్నది ఉన్నట్టుండి ప్రాణమున్నదానిలా కదిలింది. ఉమ్మడానికి కాలువ దాకా పోలేకపోయింది. అక్కడే వంగి కక్కేసింది. గంజి, దాని వెనకే మజ్జిగ, దాని వెనక రొట్టె. ముక్కులోంచి కూడా వచ్చింది. పవిత్ర పరిగెత్తుకొచ్చి నుదురు పట్టుకుంది.

"ఏమైనాది అత్తా? నీళ్లు తాగు."

గంగాదేవి నోరు కడుక్కుంది. చాలక వేలికి గుడ్డ చుట్టి నాలుక రుద్దుకుంది. పుళ్లు చిట్లి గుడ్డకు రక్తం అంటింది. తర్వాత గోడకు ఆనుకుని అంది:

"పుస్తకం తీ. రాసుకో. రెండు చీరలకు ముప్పై ఆరు నోళ్లు. దీంట్లో ఎనిమిది."

పవిత్రకు మొదట అర్థం కాలేదు. గిన్నె వైపు చూసింది. వంటింటి గడప దగ్గర ఉన్న మైదా సంచి వైపు చూసింది. కలం పట్టుకున్న చేయి నోటి మీదికి పోయింది.

పవిత్ర ఫోన్ చేసి చెబితే, అవతల జెస్సీ "నోటితోనా?" అంది. తర్వాత, "అదే అయ్యుంటుంది. ఊదాక నోరు కడుక్కుంటే చాలదు. ఈ రోజే ఆపేయాలి. డాక్టరమ్మకు నేను చెబుతాను," అంది. పెట్టేసే ముందు, "ఆమెను దొంగ అన్నాం కదా," అని కూడా అంది.

హనుమేష్ అయిదింటికి బండేసుకుని వచ్చాడు. నాలుగు మాటలకు ఒక నవ్వు కలిపే మనిషి.

"ఏం గంగక్కా, మూడోదాన్ని ఇట్ల సగం ముస్తాబు చేసి నిలబెట్నావు?"

గంగాదేవి బదులు పవిత్ర చెప్పింది. అతను తల గోక్కున్నాడు.

"మింగితే గదా? మింగొద్దు. ఊదితే ఏమైతాది? ఇంత కాలం ఊదినావు గదక్కా. నీ నోరు పడిన చీర యాడున్నా కనిపెడతాడు మా సావుకారు."

"చీర కొనే ఆడోళ్లకు చెప్తాడా మీ సావుకారు, నా నోరు పడినాదని?"

"థూ! చెప్తే ముట్టుకుంటారా ఎవరన్నా? మిషను గంజి అని చెప్తాం." అనేసి, ఆమె మొహం చూసి, నవ్వు మింగి, ఆరిన రెండు చీరలూ సంచిలో సర్దుకున్నాడు. "పొద్దున్నే వస్తా. ఆ సగం గూడా కానిచ్చి పెట్టు. కల్యాణం సరుకు, ఆలస్యమైతే మగ్గాలకు నూలు ఆపేస్తాడు. నీకు తెలియందేముండాది."

దీపాలు పెట్టే వేళకు నలుగురూ వసారాలో భోజనాలకు కూర్చున్నారు. సంగటి, చెనక్కాయల ఊరుబిండి, పప్పుచారు. తిమ్మన్న సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి చారు పోసుకుంటూ, సంగతంతా విని, చాలాసేపు నమిలాడు.

"అయితే నువ్వు ఊదొద్దులే," అన్నాడు చివరికి. ఎంతో ఉదారంగా అన్నాడు. "రేపట్నుంచి ఆ పిల్లకు నేర్పీ. పిల్లకేం జబ్బు ల్యాదు గదా. మా అమ్మ నీకు నేర్పలేదా? నాలుగు దినాల్లో వస్తాది."

పవిత్ర చేయి కంచంలో ఆగిపోయింది. ఓబులేష్ తలెత్తలేదు, ఊరుబిండి ఇంకొంచెం వేసుకుని నాక్కున్నాడు. గంగాదేవి కొడుకు దవడలు ఆడడం చూసింది, మొగుడి మీసానికి అంటిన చారు చూసింది. తర్వాత కోడలి బుగ్గలు చూసింది. ఇరవై మూడేళ్ల నున్నటి బుగ్గలు. ఆ పిల్ల గుటక మింగుతోంది, ఏమీ లేకుండానే.

తన బుగ్గల మీద అత్త వేళ్లు ఆమెకు మళ్లీ తగిలాయి. బిగబట్టు. ఆ వేళ్లు ఇప్పుడు తన చేతులకే ఉన్నట్టు అనిపించి, అరచేతులు చీరకు తుడుచుకుంది.

"నేర్పను," అంది.

"ఏందీ?"

"నేర్పనంటాండా. నేను ఊదను. ఈ పిల్లా ఊదదు. రేపు దీని కడుపున పుట్టేదీ ఊదదు. ఈ ఇంట్లో ఇంగ ఎవురి నోరూ గంజి పట్టదు."

"నూలు ఆపేస్తాడు. మగ్గం పండుకుంటాది. తెలుసా నీకు?"

"పండుకోనీ. నేను ఆరేండ్లు దొడ్లోనే పండుకోలేదా? రేపు పొద్దున హనుమేష్ బండెక్కి నేనే పోయి చెప్తా సావుకారుకు. గంజి లేని మెత్తటి చీర కావాలంటే మా ఇంట్లోనుంచి వస్తాది. ఊదిందే కావాలంటే ఆయనకూ నోరుండాది, నీకూ ఉండాది."

తిమ్మన్న పెళ్లాం మొహం చూసి, ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు. మొదటిసారిగా ఓబులేష్ తలెత్తి తల్లి మణికట్టు వైపు చూశాడు. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి.

"నేనూ అత్తతో పోతా," అంది పవిత్ర. అని, ఆగిన చేత్తోనే సంగటి కలుపుకుంది.

గంగాదేవి ఇంకో ముద్ద పెట్టించుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె రెండోసారి అడిగి పెట్టించుకున్నది అదే.

పెరట్లో కనకాంబరం రంగు చీర కట్టెల మధ్య అలాగే ఉంది. గంజి పడిన సగం అట్టలా బిగిసింది, పడని సగం గాలికి కదులుతోంది. ఎర్రచీమలు కట్టె పొడుగునా బారుకట్టి ఎక్కి, అంచు వెంబడి నడిచి, ఆమె ఎనిమిదో నోరు ఆగిన చోటి దాకా వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతున్నాయి.